రాడార్ కనిపెట్టినా పెర్ల్ హార్బర్ ఎందుకు కాలిపోయింది? ఆ మంట 1942 ఏప్రిల్‌లో మన తీరం దాకా ఎలా వచ్చింది?

బిట్రగుంట మాస్టారు (ఆదివారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. శుక్రవారం పదో తరగతిలో రెండో ప్రపంచయుద్ధం నడుస్తుంటే ఒక పిల్ల లేచి, "సార్, అప్పటికే రాడార్ ఉందన్నారు కదా. అన్ని విమానాలు సముద్రం మీదుగా వస్తుంటే ఒక్కరూ చూడలేదా?" అని అడిగింది. నాకు తెలిసింది పాఠంలోని రెండు ముక్కలే. 1941 డిసెంబర్ 7, ఆదివారం పొద్దున జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద పడ్డాయి, మర్నాడు అమెరికా యుద్ధంలోకి దిగింది. సోమవారం చెబుతానమ్మా అని కూర్చోబెట్టాను.

ఇంకో సంగతి కూడా చాలా ఏళ్లుగా మనసులో ఉంది. మా నాయన చెప్పేవాడు. 1942 ఏప్రిల్లో మద్రాసు వైపు నుంచి వచ్చే రైళ్లలో కాలు పెట్టే సందు ఉండేది కాదట. లోకోషెడ్డులో పనిచేసే మా తాతకి ఆ వారమంతా ఇంటికొచ్చి అన్నం తినే తీరిక లేదట. ఒక ముసలామె రుబ్బురోలు పక్కన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదే కూర్చుందట, దాన్ని వదిలి కదలనని. జపానోడు వస్తున్నాడని అంత భయం. ఎక్కడో హవాయి దీవుల్లో మొదలైంది నాలుగు నెలల్లో మా ఊరి స్టేషన్ దాకా ఎలా వచ్చింది? తెలిసినవాళ్లు కొంచెం విడమర్చి చెప్పండి.

పెన్నా గట్టు (రాత్రి 9:05)

చూశారు మాస్టారూ. ఇద్దరు చూశారు.

పెర్ల్ హార్బర్ రేవు ఉన్నది హవాయిలోని ఒవాహు దీవిలో. ఆ దీవి ఉత్తర కొసన ఒపానా అనేచోట ఒక రాడార్ ఉంది. దాని దగ్గర లాకార్డ్, ఎలియట్ అని ఇద్దరు కుర్ర సైనికులు. డ్యూటీ తెల్లవారుజామున 4 నుంచి 7 వరకే. 7కి మిషన్ కట్టేయాలి. టిఫినుకి తీసుకెళ్లాల్సిన ట్రక్కు ఆలస్యమైంది. ఎలియట్‌కి ఆ పని కొత్త. ఇంకాస్త నేర్చుకుంటానంటే ఆన్‌లోనే ఉంచారు. 7:02కి తెర మీద పెద్ద గుర్తు లేచింది. అంత పెద్దది వాళ్లు అంతకుముందు చూడలేదు. ఉత్తరాన, 132 మైళ్ల దూరంలో. ఫోన్ చేశారు. సమాచార కేంద్రంలో అందరూ టిఫినుకి వెళ్లిపోయారు, మిగిలింది టైలర్ అనే లెఫ్టినెంట్. అక్కడ ఆయనకి అది రెండో డ్యూటీ. ఆ పొద్దున అమెరికా నుంచి బి-17 బాంబర్లు రావాల్సి ఉంది. అవి నిజంగా వస్తున్నాయి కూడా. అవే అయ్యుంటాయి, కంగారు పడొద్దు అన్నాడు. 7:48కి మొదటి బాంబులు పడ్డాయి.

దానికి గంట ముందే ఇంకొకటి జరిగింది. రేవు ముఖద్వారం దగ్గర వార్డ్ అనే యుద్ధనౌక ఒక బుల్లి జలాంతర్గామిని ముంచి, ముంచాం అని కబురు పంపింది. ఆ కబురు ఒక ఆఫీసరు నుంచి ఇంకో ఆఫీసరుకి పోతూ, ఒకసారి సరిచూసుకుందాం అన్న మాట దగ్గర ఆగిపోయింది.

మీ స్టూడెంటుకి నా జవాబు ఇది. కళ్లు పనిచేశాయి. కబురూ కదిలింది. దాన్ని అందుకున్నవాడి మనసులో శత్రువు ఇక్కడికి రాగలడన్న ఆలోచనే లేదు. నవంబర్ 27న వాషింగ్టన్ నుంచి యుద్ధ హెచ్చరిక వచ్చింది. అయినా దెబ్బ ఫిలిప్పీన్స్ మీదో మలయా మీదో పడుతుందనుకున్నారు. హవాయిలో ఆర్మీ జనరల్ షార్ట్‌కి ఉన్న టెన్షన్ లోపలి విద్రోహుల గురించి. అందుకే కాపలాకి సులువుగా ఉంటుందని విమానాలన్నీ రెక్కకి రెక్క ఆనించి ఒకచోట నిలబెట్టించాడు. పైనుంచి వచ్చినవాడికి అది ఇంకా సులువైంది.

కందుకూరు రైతు (రాత్రి 9:31)

గట్టు తమ్ముడు ఎలా జరిగిందో చెప్పాడు. ఎందుకు జరిగిందో నేను చెబుతాను, ఎందుకంటే మా పొలంలో మోటారు ఆగినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

జపాన్‌కి సొంత చమురు దాదాపు లేదు. వాడేదాంట్లో సుమారు 80 శాతం అమెరికా నుంచి కొనేది. 1937 నుంచి చైనాతో యుద్ధం, దానికి రోజూ చమురు కావాలి. 1941 జూలైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి దిగాయి, అంటే ఇప్పటి వియత్నాం వైపు. వెంటనే అమెరికా జపాన్ ఆస్తులు స్తంభింపజేసింది, చమురు ఆపేసింది. నిల్వ ఉన్నది రెండేళ్లకి కూడా గట్టిగా చాలదు. ఇక రెండే దారులు. చైనా నుంచి వెనక్కి రావాలి, లేదా డచ్చివాళ్ల చేతిలో ఉన్న సుమత్రా, బోర్నియో చమురు బావులు పట్టుకోవాలి. వెనక్కి రావటం వాళ్ల సైన్యానికి ఇష్టం లేదు. దక్షిణానికి పోతుంటే పక్కనుంచి అమెరికా నౌకాదళం కొడుతుందని భయం. ఆ నౌకాదళాన్ని ఆరు నెలలు మంచాన పడేయాలన్నది లెక్క.

అంటే పెర్ల్ హార్బర్ వాళ్లకి అసలు లక్ష్యం కాదు. అసలు లక్ష్యం చమురు బావులు. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి మాస్టారూ. దాడి అనగానే పగ, కోపం అనుకుంటారు. ఇక్కడ అన్నిటికన్నా ముందున్నది గడువు. నిల్వ కరిగిపోతోంది, రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

ఇనమడుగు సెంటర్ (రాత్రి 9:48)

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ముందే తెలుసంటారు కదా? యుద్ధంలోకి దిగటానికి సాకు కావాలి కాబట్టి కావాలనే వదిలేశాడని, అందుకే విమానవాహక నౌకలు మూడూ ఆ రోజు రేవులో లేవని చదివాను. నాకు అది నిజమనే అనిపిస్తుంది.

పెన్నా గట్టు (రాత్రి 10:02)

అన్నా, ఆ మాట నేనూ కాలేజీలో నమ్మాను. తర్వాత చదివేకొద్దీ నిలబడలేదు. మూడు నౌకలు లేని మాట నిజం. ఎంటర్‌ప్రైజ్ వేక్ దీవికి, లెక్సింగ్టన్ మిడ్‌వేకి విమానాలు చేరవేసే పనిలో ఉన్నాయి. సరటోగా శాన్ డియాగోలో ఉంది. ఎంటర్‌ప్రైజ్ అయితే ముందురోజే తిరిగి రావాలి, వాతావరణం బాగాలేక ఆలస్యమైంది. దాచిపెట్టాలనుకున్న నౌక అలా రాదు. పైగా ఆ రోజుల్లో అడ్మిరల్స్ దృష్టిలో గొప్పవి బ్యాటిల్‌షిప్‌లు. వాటిని ఎనిమిదింటిని బలిపెట్టి, విమానవాహక నౌకల్ని మిగుల్చుకోవాలని 1941లో ఎవరూ అనుకోరు.

జపాన్ దౌత్య సంకేతభాషని అమెరికా చదువుతున్న మాట కూడా నిజమే. యుద్ధం దగ్గరపడిందని వాళ్లకి తెలుసు. ఎక్కడ అన్నది ఆ తంతిల్లో లేదు. జపాన్ అడ్మిరల్ నగుమో నౌకలు నవంబర్ 26న ఉత్తరాన హిటొకప్పు అఖాతం నుంచి బయలుదేరి, వైర్‌లెస్ నోరు మూసుకుని, ఓడలు తక్కువగా తిరిగే చలి సముద్రం మీదుగా వచ్చాయి. ఆరు విమానవాహక నౌకలు, రెండు విడతల్లో 353 విమానాలు. యుద్ధం వస్తుందని తెలియటం వేరు, రేపు పొద్దున ఎనిమిదింటికి ఇక్కడ అని తెలియటం వేరు.

కృష్ణపట్నం రేవు (రాత్రి 10:20)

నేను నేవీలో పదిహేనేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ముత్తుకూరులో ఉంటున్నాను. ఆ టైలర్‌ని అందరూ తిడతారు, నేను తిట్టలేను.

రాడార్ ముందు కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ బాధ. ఒక రాత్రి నేను వాచ్‌లో ఉన్నాను, ఏ ఓడో చెప్పను. తెర మీద మచ్చ వచ్చింది. అంతకుముందు వారమంతా అదే దిక్కున చేపల పడవలే. ఆ వారంలో రెండుసార్లు ఆఫీసర్ని లేపాను, రెండుసార్లూ పడవలే, రెండుసార్లూ చీవాట్లే. మూడోసారి లేపటానికి చెయ్యి రాలేదు. పదకొండు నిమిషాలు ఆలస్యంగా లేపాను. అది సరుకు ఓడ, మాకు బాగా దగ్గరగా దాటింది. ఏమీ కాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఆ పదకొండు నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

మనిషి మొన్న చూసిందే ఇవాళా చూస్తాడు. టైలర్‌కి బి-17లు వస్తాయని తెలియకపోయి ఉంటే భయపడి ఇంకెవరికైనా ఫోన్ చేసేవాడేమో. సగం తెలియటం అతన్ని నిద్రపుచ్చింది.

లోతు సంగతి కూడా అలాంటిదే. పెర్ల్ హార్బర్ నీళ్లు 40 అడుగులే. విమానం నుంచి వదిలిన టార్పెడో ముందు లోతుగా మునిగి తర్వాత పైకి లేస్తుంది, కాబట్టి అక్కడ బురదలో కూరుకుపోతుందని వలలు కట్టలేదు. కానీ 1940 నవంబర్‌లో ఇటలీలోని టారంటో రేవులో బ్రిటిష్‌వాళ్లు పాతకాలపు స్వోర్డ్‌ఫిష్ విమానాలు 21 పట్టుకెళ్లి, రాత్రిపూట మూడు బ్యాటిల్‌షిప్‌లని దెబ్బకొట్టారు. అదీ లోతు తక్కువ రేవే. జపాన్‌వాళ్లు దాన్ని శ్రద్ధగా చదివి, టార్పెడోలకి చెక్క రెక్కలు కట్టి, నెలల తరబడి ప్రాక్టీస్ చేశారు. అందరికీ కనిపించిన పాఠం ఒకరే నేర్చుకున్నారు.

ఒంగోలు లాయరు (రాత్రి 10:44)

నాకు ముఖ్యంగా తోచేది యుద్ధంలో ఆదమరిచినవాణ్ణి కొట్టటానికీ, యుద్ధమే ప్రకటించకుండా కొట్టటానికీ ఉన్న తేడా. 1904లో ఇదే జపాన్ రష్యా నౌకల మీద పోర్ట్ ఆర్థర్‌లో రాత్రిపూట దాడి చేసి, రెండు రోజుల తర్వాత యుద్ధం ప్రకటించింది. అప్పుడు చాలామంది దాన్ని తెలివైన ఎత్తు అన్నారు. 1907లో హేగ్‌లో దేశాలు కూర్చుని, ముందు స్పష్టంగా హెచ్చరించకుండా యుద్ధం మొదలుపెట్టకూడదని ఒప్పందం రాసుకున్నాయి. జపాన్ కూడా అందులో ఉంది.

1941లో వాషింగ్టన్‌లోని జపాన్ రాయబారులు 14 భాగాల లేఖ ఒకటి మధ్యాహ్నం ఒంటిగంటకి ఇవ్వాలి. రాయబార కార్యాలయంలో దాన్ని విప్పి టైపు చేయటం ఆలస్యమైంది. 2:20కి ఇచ్చారు. అప్పటికి దాడి మొదలై గంట దాటింది. చాలామంది ఆ ఆలస్యం గురించే మాట్లాడతారు. నేను అంతకంటే ముఖ్యమనుకునేది, వేళకి ఇచ్చినా అందులో యుద్ధం అన్న మాట లేదు. చర్చలు ఇక సాగవు అని మాత్రమే ఉంది. అంటే టైపిస్టు తప్పు కాదు, పంపినవాళ్ల ఉద్దేశమే అది.

ఫలితం మర్నాడే కనిపించింది. అప్పటిదాకా యుద్ధం మాకొద్దు అనే అమెరికన్లు కోట్లమంది. డిసెంబర్ 8న కాంగ్రెస్‌లో యుద్ధ ప్రకటనకి వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే, జానెట్ రాంకిన్‌ది. 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. అరిజోనా నౌక ఒక్కదానిలోనే 1,177 మంది. ఒక దేశంలో ఉన్న సందేహాన్నంతా శత్రువే ఒక్క పొద్దున తుడిచిపెట్టేశాడు.

గూడూరు అమ్మాయి (రాత్రి 11:10)

ఆ కోపం ఎవరి మీద పడిందో కూడా చెప్పండి లాయరు గారూ. అమెరికాలోనే ఉంటున్న జపాన్ సంతతి వాళ్లని, మొత్తం సుమారు 1,20,000 మందిని, 1942లో ఇళ్లు, దుకాణాలు, పొలాలు వదిలించి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. 1988లో క్షమాపణ చెప్పి తలా 20,000 డాలర్లు ఇచ్చారు. అప్పటికి చాలామంది చనిపోయారు.

మా జేజికి 90 దాటాయి. తను పుట్టింది సైదాపురం దగ్గర. వాళ్లమ్మ అభ్రకం గనిలో రేకులు చీల్చేది. రేపు పొద్దున అడిగి రాస్తాను.

తడ వాసి (సోమవారం, ఉదయం 6:15)

మాకు మద్రాసు దగ్గర కాబట్టి అక్కడి సంగతులు ఇంట్లో వింటూ పెరిగాను. 1942 భయం వెనుక 1914 భయం ఉంది. ఆ సంవత్సరం సెప్టెంబర్ 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి వచ్చి, అరగంటలో నూరుకు పైగా గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి వెళ్లిపోయింది. ఊళ్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, లైట్‌హౌస్‌తో సహా. చనిపోయింది కొద్దిమందే. అయినా వేలమంది ఊరు వదిలారు. తమిళంలో ఇప్పటికీ గట్టి గడుసువాణ్ణి ఎమ్డన్ అంటారు. తడ, సూళ్లూరుపేట వైపు ముసలివాళ్ల నోట మేమూ విన్నాం.

సముద్రం వైపు నుంచి నిప్పు రావటం తాతల నోట విన్న ఊరు అది. మళ్లీ వస్తోందంటే ఎవరు ఆగుతారు?

కృష్ణపట్నం రేవు (ఉదయం 7:00)

మాస్టారూ, మీ రెండో ప్రశ్నకి వస్తాను. రాత్రి నిద్ర పట్టలేదు, దీని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను.

పెర్ల్ హార్బర్ తర్వాత మూడు రోజులకి మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ నౌకలు మునిగాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న అండమాన్ దీవులు పోయాయి. ఇక బంగాళాఖాతంలో మనకీ వాళ్లకీ మధ్య నీళ్లే.

అప్పుడు నగుమో, అవే నౌకలతో, కాగా అనే ఒక్క నౌక తప్ప, హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. ఇక్కడ వినండి. ఈసారి బ్రిటిష్‌వాళ్లకి ముందే తెలుసు. ఏప్రిల్ 1 ప్రాంతంలో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీద దాడి వస్తుందని కబురు ఉంది. అడ్మిరల్ సోమర్విల్ తన నౌకలన్నీ తీసుకుని మూడు రోజులు సముద్రంలో కాపు కాశాడు. ఎవరూ రాలేదు. నీళ్లు, చమురు అయిపోతున్నాయని మాల్దీవుల్లోని అడ్డూ అటాల్‌కి వెళ్లాడు. ఏప్రిల్ 4 సాయంత్రం బిర్చల్ అనే కెనడా పైలట్ కాటలీనా విమానంలో తిరుగుతూ మొత్తం దండుని చూశాడు. వాళ్లు కూల్చేలోపల కబురు పంపాడు. బతికి ఖైదీ అయ్యాడు.

మర్నాడు ఈస్టర్ ఆదివారం. మళ్లీ ఆదివారమే. కబురు ఉంది కాబట్టి కొలంబో రేవులోంచి ఓడలు చాలావరకు పంపించేశారు. అది ప్రాణాలు కాపాడింది. అయినా కొలంబో దగ్గర రత్మలానాలో యుద్ధ విమానాలు జపాన్‌వాళ్లు నెత్తి మీదికొచ్చాకే లేచాయి. డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు సముద్రంలో దొరికిపోయాయి, 424 మంది పోయారు. 9న సిలోన్‌లోనే ఇంకో రేవు, ట్రింకోమలీ. అక్కడ కూడా ముందే ఓడల్ని బయటికి పంపారు. హెర్మిస్ అనే విమానవాహక నౌక మీద ఆ రోజు ఒక్క విమానమూ లేదు. అలాగే దొరికి మునిగింది.

అదే సమయంలో ఒజావా అనే ఇంకో అడ్మిరల్, ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకతో, మన వైపు బంగాళాఖాతంలో తిరిగాడు. కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడలు ముంచాడు. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మాస్టారూ, మీ తాతగారి రైళ్లు ఆ వారానివి.

తడ వాసి (ఉదయం 7:22)

అవును. జపాన్ సేన దిగబోతోందన్న తప్పుడు కబురు నమ్మి మద్రాసు ప్రభుత్వం అవసరం లేనివాళ్లందరినీ వెళ్లిపొమ్మంది. ఆఫీసులు లోపలి ఊళ్లకి పోయాయి, హైకోర్టు కోయంబత్తూరు పోయింది. బాంబు పడి కంచెలు తెగితే ఊరి మీద పడతాయని జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చి చంపేశారు. దిగటానికి ఎవరూ రాలేదు. 1943 అక్టోబర్‌లో ఒకే ఒక్క విమానం రాత్రిపూట వచ్చి బాంబులేసి పోయింది. అంతే. జూ సంగతి చెబుతుంటే మా పెద్దనాన్న కళ్లలో నీళ్లు తిరిగేవి.

కందుకూరు రైతు (ఉదయం 7:50)

బాంబులు నెల్లూరు మీద పడలేదు, కానీ రంగం పోయింది. రంగం అంటే ఈ కాలం పిల్లలకి తెలియదేమో, రంగూన్. రంగం పోయాడు అంటే బతుకుతెరువుకి బర్మా వెళ్లాడని. విశాఖ, గోదావరి వైపు వాళ్లు మరీ ఎక్కువ, అక్కడ రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో చాలామంది తెలుగు కూలీలు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక వాళ్లు కాలినడకన అరకాన్, మణిపూర్ కొండలు దాటి వచ్చారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలమంది దారిలోనే పోయారు. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

బర్మా బియ్యం ఆగిపోయింది. బెంగాల్‌లో జపాన్‌వాళ్లు దిగితే వాడుకుంటారని ప్రభుత్వమే పల్లెల్లో పడవలు లాక్కుంది. పడవ లేకపోతే జాలరికి చేప లేదు, రైతుకి సంత లేదు. 1942 అక్టోబర్ తుఫాను ఒకటి. దాచుకున్న వ్యాపారులు, సైన్యానికీ కలకత్తాకీ ముందు అని పల్లెల్ని వదిలేసిన ప్రభుత్వం. 1943లో 20 నుంచి 30 లక్షల మంది ఆకలితో చనిపోయారని అంచనా. పెర్ల్ హార్బర్‌లో చనిపోయినవాళ్ల లెక్క చివరి అంకెతో సహా ఉంది. బెంగాల్ లెక్కలో పది లక్షలు అటూ ఇటూ. ఈ తేడా చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

మెట్ట పొలం దున్నుకునే నాలాంటివాడికి పెర్ల్ హార్బర్ అంటే ఇది.

తిక్కన పాఠకురాలు (ఉదయం 9:30)

నేను నెల్లూరులో తెలుగు టీచర్‌గా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మీరందరూ రాసింది చదువుతుంటే సౌప్తికపర్వం కళ్ల ముందు కదిలింది. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన సోమయాజి మన ఊరివాడే, అందులో ఇదీ ఒకటి.

పద్దెనిమిదో రోజు దుర్యోధనుడు తొడ విరిగి పడ్డాడు. కౌరవుల వైపు మిగిలింది అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. రాత్రి మర్రిచెట్టు కింద అశ్వత్థామకి నిద్ర రాదు. నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపటం చూస్తాడు. దారి దొరికిందనుకుంటాడు. కృపుడు వద్దంటాడు. నిద్రలో ఉన్నవాళ్లని చంపటం ధర్మం కాదు, తెల్లవారనీ అంటాడు. వినడు. శిబిరంలో ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులు ఐదుగురినీ, శిఖండినీ చంపుతాడు. పారిపోయేవాళ్లని వాకిట్లో మిగతా ఇద్దరూ చంపుతారు.

గట్టు బాబు మూడు నౌకలూ రేవులో లేవని రాశాడు చూడండి. ఆ రాత్రి పాండవులు ఐదుగురూ, కృష్ణుడూ, సాత్యకీ శిబిరంలో లేరు. అశ్వత్థామ ఎవరి కోసం వెళ్లాడో వాళ్లు బతికే ఉన్నారు. ఇక ఆ తర్వాత అతనికి దాక్కోవటమే మిగిలింది. తలలోని మణి పోయింది, మూడువేల ఏళ్లు పుండ్లతో ఒంటరిగా తిరగమని శాపం. అటు ద్రౌపదికి ఐదుగురు కొడుకులూ పోయారు. గెలిచినవాళ్ల ఇంట్లోనూ దీపం లేదు.

క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ పిల్లలు అశ్వత్థామని తిట్టేవాళ్లు. నేను మాత్రం వాళ్లని కృపుడి దగ్గర ఆపేదాన్ని. తప్పని తెలుసు, చెప్పాడు, చెప్పి వాకిట్లో కాపలా నిలబడ్డాడు. జపాన్ అడ్మిరల్ యమమొటో సంగతి ఎవరైనా రాయండి. ఆయన కూడా అలాంటివాడేనా?

పెన్నా గట్టు (మధ్యాహ్నం 1:10)

టీచర్ గారూ, లంచ్ టైంలో చదివాను, చాలాసేపు కదలలేకపోయాను.

యమమొటో హార్వర్డ్‌లో చదువుకున్నాడు, వాషింగ్టన్‌లో నౌకాదళ అధికారిగా పనిచేశాడు. అమెరికా ఫ్యాక్టరీలు, చమురు బావులు కళ్లారా చూశాడు. జర్మనీతో పొత్తునీ, అమెరికాతో యుద్ధాన్నీ వ్యతిరేకించాడు. యుద్ధం తప్పదన్నప్పుడు మాత్రం ఈ దాడి పథకం తయారుచేసిందీ, వద్దంటున్న పెద్దల్ని ఒప్పించిందీ ఆయనే. కాబట్టి కృపుడి పోలిక సగం సరిపోతుంది, మిగతా సగంలో ఆయన అశ్వత్థామే. 1943 ఏప్రిల్ 18న ఆయన ప్రయాణం వివరాల్ని సంకేతభాషలోనే చదివిన అమెరికన్లు దారికాచి ఆయన విమానాన్ని కూల్చేశారు.

దాడి విజయమేనా అన్నది ఇంకో చర్చ. ఎనిమిది బ్యాటిల్‌షిప్‌లకీ దెబ్బ తగిలింది, నాలుగు మునిగాయి, 188 విమానాలు పోయాయి. జపాన్ పోగొట్టుకున్నది 29 విమానాలు, ఐదు బుల్లి జలాంతర్గాములు. ఆ రోజు లెక్క అది. కానీ లోతు తక్కువ రేవు కదా, మునిగిన నౌకల్ని చాలావరకు పైకి తీసి బాగుచేశారు. అరిజోనా, ఒక్లహోమా తప్ప మిగతావి మళ్లీ యుద్ధానికి వెళ్లాయి. చమురు ట్యాంకులు, రిపేరు యార్డులు, జలాంతర్గాముల స్థావరం తాకకుండా వదిలేసి నగుమో వెనుదిరిగాడు. చమురు కోసం యుద్ధానికి దిగినవాళ్లు శత్రువు చమురుని ముట్టుకోకుండా వెళ్లిపోయారు. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కృష్ణపట్నం రేవు (మధ్యాహ్నం 2:05)

నగుమోని ఒక్క మాట సమర్థిస్తాను. అమెరికా విమానవాహక నౌకలు ఎక్కడున్నాయో ఆయనకి తెలియదు. వచ్చిన పని అయింది, ఆరు నౌకలూ క్షేమంగా ఉన్నాయి. ఇంకో విడత పంపితే అవి చీకట్లో తిరిగి రావాలి. ఆ స్థానంలో ఉంటే నేనూ వెనక్కి తిరిగేవాణ్ణేమో.

కొలంబో మీద పడిన రెండు నెలలకి, 1942 జూన్ 4, 5 తేదీల్లో మిడ్‌వే దగ్గర ఆయన నాలుగు నౌకలూ మునిగాయి. అకాగి, కాగా, సోర్యు, హిర్యు. నాలుగూ పెర్ల్ హార్బర్‌లో ఉన్నవే. ఈసారి అమెరికన్లు సంకేతాలు చదివి ఎక్కడ, ఎప్పుడు అన్నది ముందే తెలుసుకుని కాచుకుని ఉన్నారు. కాపు కాసి కొడదామని వచ్చినవాడి కోసం ఇంకొకడు కాపు కాశాడు.

మన దగ్గర 1971 డిసెంబర్ 3 చూడండి. 1967లో ఇజ్రాయెల్ ఒక్క పొద్దున ఈజిప్టు విమానాల్ని నేల మీదే కాల్చేసింది కదా, అలా చేద్దామని పాకిస్తాన్ సాయంత్రం వేళ పఠాన్‌కోట్, అమృత్‌సర్ లాంటి మన విమానస్థావరాల మీద పడింది. మనవాళ్లు 1965లో పఠాన్‌కోట్‌లో దెబ్బ తిన్నారు. అది మర్చిపోలేదు. విమానాల్ని విడివిడిగా, కాంక్రీటు గూళ్లలో పెట్టారు. రన్‌వేలకి గుంటలు పడ్డాయి, రాత్రికి రాత్రి పూడ్చుకున్నారు. ఒక్క సాయంత్రంలో పాకిస్తాన్‌కి పూర్తి యుద్ధం నెత్తికొచ్చింది, పదమూడు రోజుల్లో ఢాకా పోయింది.

గూడూరు అమ్మాయి (సాయంత్రం 6:40)

జేజిని అడిగాను. యుద్ధం పేరు తనకి తెలియదు, జర్మనీ యుద్ధం అంటుంది. అప్పట్లో రేడియోలకీ, విమాన ఇంజన్లకీ అభ్రకం లేనిదే కుదరదు కాబట్టి గనుల్లో పని బాగా పెరిగిందట. వాళ్లమ్మ చీకటి పడ్డాక కూడా కత్తితో రేకులు చీలుస్తుంటే, లాంతరుకి నల్లగుడ్డ కప్పమని ఎవరో వచ్చి కేకలేశారట. వేళ్ల సందుల్లో కాకిబంగారం మెరుస్తుండేదట. "ఆ రేకులు యాడికి పోతయ్యో మాకేం తెలుసమ్మా" అంది. మద్రాసు నుంచి వచ్చిన ఒక కుటుంబం వాళ్ల పశువుల కొట్టంలో నెలన్నర ఉందట. వాళ్ల పిల్ల తనకి తొక్కుడుబిళ్ల నేర్పిందట. పేరు గుర్తుతెచ్చుకోవటానికి చాలాసేపు కళ్లు మూసుకుంది. రాలేదు.

ఇనమడుగు సెంటర్ (సాయంత్రం 7:15)

గట్టు తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరో ఒకరు కావాలనే చేశారనుకుంటే మనసుకి సులువుగా ఉంటుంది. అందరూ మామూలుగా పనిచేసుకుంటూ ఉండగానే ఇంత జరిగిందనుకోవటమే కష్టం.

బిట్రగుంట మాస్టారు (రాత్రి 9:20)

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవాళ పీరియడ్ అంతా దీనికే ఇచ్చాను. ఒపానా రాడార్, రంగం నడకలు, బెంగాల్ పడవలు, మా స్టేషన్లో రుబ్బురోలు అన్నీ చెప్పాను. టీచర్ గారి సౌప్తికపర్వం చెబుతుంటే వెనక బెంచీలు కూడా కదలకుండా విన్నాయి.

చివర్లో ఆ పిల్ల మళ్లీ లేచింది. "ట్రక్కు వేళకి వచ్చుంటే ఏమయ్యేది సార్?" అంది. రాడార్ కట్టేసి వెళ్లిపోయేవాళ్లు, అసలు తెలిసేదే కాదమ్మా అన్నాను. "తెలిసి మాత్రం ఏం లాభం సార్? వాళ్లిద్దరూ ఊరికే చూశారు కదా" అంది. బెల్లు కొట్టారు. నేను జవాబు చెప్పలేదు.

కృష్ణపట్నం రేవు (రాత్రి 9:41)

ఊరికే చూడలేదని చెప్పండి మాస్టారూ. కంగారు పడొద్దు అని ఫోన్లో చెప్పాక కూడా ఆ ఇద్దరూ మిషన్ కట్టేయలేదు. కొండల అడ్డం వచ్చి మచ్చ మాయమయ్యేదాకా, 7:39 వరకు, ఆ దండు ఎటునుంచి ఎటు వస్తోందో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ కాగితం ఉత్తరం చూపిస్తోంది. దాడి అయ్యాక నేవీ రోజంతా శత్రువుని ఎక్కువగా దక్షిణాన వెతికింది.